కండను కోయకుండా లెక్క

మోర్ధానా కొండదారి గబగబా ఎక్కినవారికి పిక్కలు పట్టేయడం తెలిసినదే. అప్పుడు కండలో ఏ సరుకు ఎంత ఖర్చయింది? ఈ ఆరా తీసినవారిలో మన భీమవరంలో పుట్టి, మదరాసులో వైద్యం చదివిన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు.

1927లో హార్వర్డులో ఆయన, ఫిస్కేగారు కలిసి కండలో ఫాస్ఫోక్రియాటిన్ అనే భాస్వరపు పదార్థాన్ని కనిపెట్టారు. పని చేస్తే అది తరుగుతుంది; విశ్రాంతిలో మళ్లీ చేరుతుంది. ఇల్లాలు పోపులపెట్టెలో దాచే చిల్లర వంటిదన్నమాట. అయితే దాన్ని కొలవాలంటే జంతువు కండను కోసి, రసాయనాలు కలిపి, నీలిరంగు ఎంత తేలిందో చూడాలి. కోసిన కండ మళ్లీ పని చేయదు గదా!

ఎన్.ఎం.ఆర్. పద్ధతి ఆ కొరత తీర్చింది. బలమైన అయస్కాంతం నడుమ కండను ఉంచి రేడియో తరంగాలు పంపితే, అందులోని భాస్వరం బదులు పలుకుతుంది. ఫాస్ఫోక్రియాటిన్‌లో ఉన్నదాని స్వరం వేరు, విడిపోయినదాని స్వరం వేరు. ఒకటి తగ్గి మరొకటి హెచ్చుతుంటే లోపలి మార్పు జరుగుతుండగానే తెలుస్తుంది. 1974లో ఆక్స్‌ఫర్డు శాస్త్రజ్ఞులు ఎలుక కాలి కండను నూరకుండానే ఇలా చూశారు. 1981లో మెకార్డిల్ అనే కండరవ్యాధి గల మనిషిని కత్తి తగలకుండానే పరీక్షించి, శ్రమలో మామూలుగా పెరగవలసిన ఆమ్లం అతని కండలో పెరగడం లేదని గ్రహించారు.

ఇందులో ఎక్స్‌రే కిరణాలు లేవు. వేలూరులో మనవారు తీయించుకునే ఎం.ఆర్.ఐ. స్కానుకు మూలసూత్రమూ ఇదే. అక్కడ పలికేది ముఖ్యంగా ఒంటి నీటిలోని ఉదజని.

కళాశాల పిల్లలు "ఫిస్కే–సుబ్బారావు పద్ధతి" అని చదువుతారు. ఆ రెండో పేరు ఎవరిదో ఇంట్లోనే చెప్పి పంపుదాం.