రేడియో అంటే పాటలేనా?

మన సంఘం సభల్లో "ఆ పాత రేడియో రోజులు" అంటూ ఒక అంశం పెట్టడం ఈమధ్య ఆనవాయితీ అయింది. ఎవరో లేచి రెండు ముక్కలు చెబుతారు, ఆపైన గంటసేపు సినిమా పాటలు. పాటలంటే మాకు పగేమీ లేదు. కాని ఆకాశవాణి పేరు చెప్పి సినిమా పాటలు పాడడం చరిత్రను తలకిందులు చెయ్యడమే. 1952లో సమాచార ప్రసారాల మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ సినిమా పాటల్ని ఆకాశవాణి గడప దాదాపు తొక్కనివ్వలేదు. జనం రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. 1957 అక్టోబరులో వివిధభారతి పుట్టింది ఆ పోయిన శ్రోతల్ని వెనక్కి పిలవడానికే. శాస్త్రీయ సంగీతాన్నీ లలిత గీతాలనూ అటుంచితే, మన తెలుగు కేంద్రాలు రోజంతా చేసిన పని మాట్లాడడం.

1970ల్లో విజయవాడ కేంద్రం తాలూకు ఒక రోజు తీసుకోండి. భక్తి గీతాలయ్యాక ప్రాంతీయ వార్తలు. 6.55కి సంస్కృత వార్తలు. ఇవి 1974లో మొదలయ్యాయి. ఇంట్లో ఎవరికీ అర్థం కాకపోయినా ఎవరూ కట్టేసేవారు కారు, ఎందుకంటే 7.05కి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు. మధ్యాహ్నం స్త్రీల కార్యక్రమం. సాయంత్రం పల్లెవాసులకు పాడీపంటా, ధరవరలు, వాతావరణం. రాత్రి ఒక ప్రసంగమో నాటకమో. ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీ ధర్మసందేహాలు. హైదరాబాదు కేంద్రానికి తిప్పితే కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం. పిల్లలకు "రేడియో అన్నయ్య", "అక్కయ్య" అయిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాలానందం.

ఇది పాత రోజుల మీద బెంగ అని కొట్టిపారెయ్యకండి. ముప్పైల్లో ఉన్న మేము ఆ రోజుల్ని చూడలేదు. పెద్దలు చెప్పగా విన్నాం, మిగిలిన కొద్ది రికార్డులూ విన్నాం. (కొద్ది అనే అనాలి. టేపు ఖరీదైన ఆ రోజుల్లో ఒకటి చెరిపి దానిమీదే మరొకటి ఎక్కించడం మామూలు.)

ఆ రోజులో మమ్మల్ని ఆకట్టుకున్నది ఒక్కటే: అందులో ఎవరైనా విన్నదాంట్లో సగం వాళ్లకోసం చెప్పింది కాదు. నాటకం కోసం కాచుకున్న పిల్లాడి చెవిన అగ్గితెగులు, దోమపోటు పడ్డాయి. పొలం ముఖం చూడని ప్లీడరుగారి ఇంట్లో మిర్చి ధర తెలిసింది. ఊరి చావిడి దగ్గర పంచాయతీ రేడియో ముందు కూర్చున్న రైతు ఢిల్లీ సంగతులూ, కవిత్వం మీద ప్రసంగమూ విన్నాడు. తమిళదేశంలో తంజావూరు రైతులు 1960ల్లో ఏడీటీ-27 అనే వరి గురించి రేడియోలో విని విని దానికి రేడియో బియ్యం అనే పేరే పెట్టారు. పరాయి వృత్తుల మాటలు ఇలా ఇంటింటా దొర్లితేనే ఒక భాష అందరిదీ అవుతుంది.

దీనికి సంఘంలో కొందరు మిత్రులు వెంటనే అడ్డు తగులుతారు. ఆ రేడియో సర్కారు బాకా కాదా అంటారు. అవును, 1975-77 ఎమర్జెన్సీలో అది పూర్తిగా బాకాయే. అందులో వినిపించిన తెలుగు ఎక్కువగా కోస్తా జిల్లాల చదువుకున్నవాళ్ల తెలుగే కదా అంటారు. అదీ నిజమే, ఆ అన్యాయం చిన్నదేం కాదు. కాని నీళ్లు కలిపారని పాలే మానేస్తామా?

ఇంకొందరు, ఇప్పుడు ఫోనులో అన్నీ ఉన్నాయి, కావలసింది వింటాం అంటారు. తంటా అక్కడే ఉంది. కావలసిందే వింటాం. ఎవరి చెవిలో వాళ్లు వింటాం. ఒకే ఇంట్లో నలుగురు నాలుగు గొట్టాలు పెట్టుకుని కూర్చుంటే తగువులాడుకోవడానికి ఏముంటుంది? ఉషశ్రీ చెప్పిన జవాబు నచ్చక బామ్మగారు రేడియోతో వాదించేది; ఆ వాదన ఇంటిల్లిపాదీ వినేవారు.

ఆ వాదనే అసలు చదువని మా వైద్యశాస్త్రమూ అంటోంది. అమెరికాలో ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన పరిశోధన ఒకటుంది. తొమ్మిది నెలల పసివాళ్లకు చైనా భాష వినిపించారు. ఎదుట కూర్చున్న మనిషి దగ్గర విన్న పిల్లలు ఆ భాష ధ్వనుల్ని పట్టుకున్నారు. అదే మాట టీవీలోనో ఉత్త రికార్డులోనో విన్నవాళ్లకు ఏమీ అంటలేదు. కాబట్టి యంత్రం ఒక్కటే భాష నేర్పదు. యంత్రం సరుకు తెచ్చి ఇంట్లో పడెయ్యాలి, ఇల్లు మాట్లాడాలి.

మన పిల్లలు వినే తెలుగంతా వాళ్లకోసం చెప్పిందే. తిన్నావా, స్నానం చెయ్యి, హోంవర్కు అయిందా, పడుకో. ఇరవై క్రియలతో పనైపోతుంది. దీని ఫలితం మేము ఆసుపత్రిలో చూస్తున్నాం. ఊరినుంచి వచ్చిన అమ్మమ్మ మంచంమీద ఉంటుంది, పక్కన దుబాసీగా మనవడు. ఆవిడ సలుపు అంటుంది, పోటు అంటుంది, పీకుతోంది, పట్టేసింది, మంట, దేవినట్టుంది, దడ అంటుంది. మనవడు అన్నింటికీ "పెయిన్" అని ఒకటే మాట చెబుతాడు. గుండెల్లో మంటకీ గుండె పట్టేసినట్టుండడానికీ ఉన్న తేడా ఎంతటిదో మన డాక్టరు కుటుంబాలకు వేరే చెప్పాలా? ఆనాడు రేడియోలో ఆరోగ్య ప్రసంగానికి వచ్చిన డాక్టరు ఈ మాటలన్నీ వాడక తప్పేది కాదు. వినేది ఊరు మరి.

మనం ఉంటున్న ఈ దేశం సంగతి చూడండి. పొద్దున్నే కారులో డ్యూటీకి వెళ్తూ మనలో చాలామంది పెట్టేది రేడియో ఫోర్. వార్తలు, చర్చలు, నాటకాలు, రోజంతా మాటే. అందులో "ది ఆర్చర్స్" అనే పల్లెటూరి సీరియల్ 1951 జనవరి 1 నుంచి దేశమంతటా వస్తోంది. యుద్ధం తర్వాత ఇంకా రేషను నడుస్తున్న కాలంలో, రైతులకు కొత్త పద్ధతులు తెలియాలని వ్యవసాయ శాఖ సాయంతో మొదలుపెట్టారు. అంటే ఇంగ్లీషువాళ్ల పాడిపంటలే! ఆవు పాలు పిండడం ఎరగని గుమాస్తాలు దాన్ని డెబ్బై ఏళ్లు దాటినా వదల్లేదు. మన ఆకాశవాణి కూడా ఆ కుదుటినుంచి వచ్చిందే. 1935లో ఇండియా ప్రసారాలకు అధిపతిగా వెళ్లిన లయొనెల్ ఫీల్డెన్ బీబీసీ మనిషి. వాళ్లు తమ మాటను నిలబెట్టుకున్నారు. మనం మన రేడియోను తలుచుకుని సినిమా పాటలు పాడుతున్నాం.

ఉగాదికి పాటగాళ్లను పిలిపించే ఖర్చు ఎంతో కార్యవర్గానికి తెలుసు, సభ్యులకూ తెలుసు. అందులో ఒక్క పైసా తగ్గించమని మేము అడగడం లేదు. అడిగేది ముప్పావు గంట. మైకు ముందు నలుగురు నిలబడి, వేషాలు లేకుండా, ఒక పాత నాటకం చదవాలి. దాని తరవాత మనలో సాగు తెలిసినవారు ఒకరు వరి గురించి, లెక్కలు తెలిసినవారు ఒకరు పన్నుల గురించి, మాలో ఒకరు రక్తపోటు గురించి తెలుగులో పదేసి నిమిషాలు మాట్లాడతాం. పిల్లల్ని పక్క గదిలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టకండి, హాల్లోనే ఉంచండి. విసుక్కుంటారు, దొర్లుతారు, విననట్టే ఉంటారు. సంస్కృత వార్తలప్పుడు మన తాతలూ అలాగే ఉన్నారు.

రక్తపోటు ప్రసంగానికి మేము పేరిచ్చాం. వరికి ఇంకా ఎవరూ ఇవ్వలేదు.