ఆకాశం కూడా అరువేనా?

గేమ్ జామ్ పెడితే చాలు, మనవాళ్లలో ఒక టీమైనా పల్లెటూరు కట్టేస్తుంది. పెంకుటిల్లు, అరుగు, వేపచెట్టు, చేదబావి, అన్నీ బ్లెండర్‌లో ఓపిగ్గా చేస్తారు. చివరి గంటలో ఎవరో ఒకరు నెట్‌లోంచి ఒక ఆకాశం దించి పైన తగిలిస్తారు. ఆడి చూస్తే ఊరు మనదే, వెలుతురు మాత్రం ఎక్కడిదో. నా గొడవంతా దీని గురించే.

"పైకి ఎవడు చూస్తాడ్రా?" అంటారు. నిజమే, చూడకపోవచ్చు. కానీ గేమ్‌లో ఆకాశం ఇప్పుడు వెనక కట్టిన తెర కాదు. ఒకప్పుడు దాదాపు అంతే: ఒక పెట్టె లోపలి ఆరు వైపులా ఆరు బొమ్మలు అతికించి, కెమెరా ఎప్పుడూ దాని నడిమధ్యే ఉండేలా చేసేవాళ్లు. ఎంత నడిచినా ఆకాశం దగ్గరపడదు. స్కైబాక్స్ అనే పేరు అలా వచ్చిందే. ఇప్పుడు యూనిటీ అయినా అన్‌రియల్ అయినా అదే బొమ్మలోంచి వెలుగు కూడా తీసుకుంటుంది. అరుగు కింద నీడ రంగు, ఇత్తడి బిందె మీద మెరుపు, బావి నీళ్లలో కనబడేది, అన్నిటికీ మూలం అదే. పైకి చూడనివాడు కూడా ఆ ఆకాశాన్ని గోడ మీద చూస్తూనే ఉంటాడు.

మరి మన ఆకాశానికి తేడా ఏంటి? చాలా ఉంది. హైదరాబాద్‌లో మే రెండో వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, మనిషి నీడ కాళ్ల కిందే ముద్దయిపోతుంది. లండన్‌లో జూన్ నెలలో కూడా దాదాపు 62 డిగ్రీలు దాటి పైకి రాడు. మన ఎండాకాలం ఆకాశం నీలంగా కూడా ఉండదు, దుమ్ముకి సున్నం కొట్టినట్టు తెల్లబారి ఉంటుంది. ముదురు నీలం ఆకాశం తగిలిస్తే నీడలన్నీ నీలంగా, చల్లగా కనిపిస్తాయి. వడగాలి సీన్‌లో చలికాలం వచ్చి కూర్చుంటుంది! సాయంత్రమూ అంతే. మన దగ్గర పొద్దుగూకాక 25 నిమిషాలు తిరక్కుండానే చీకటి ముసురుతుంది, అక్కడి వేసవి సంధ్య ఇంకా చాలాసేపు సాగుతుంది. రాత్రి సీన్ అయితే ధ్రువనక్షత్రం మనకి 17 డిగ్రీల ఎత్తులోనే, చెట్ల చాటున ఉండాలి.

ఉచితంగా ఇచ్చేవాళ్లని నేనేమీ అనట్లేదు. పాలీ హేవెన్‌లో 16కే ఫైళ్లు ఊరికే ఇస్తున్నారు, వాళ్ల పేరు కూడా వెయ్యక్కర్లేదు. నేర్చుకోడానికి అంతకంటే ఏం కావాలి? అన్‌రియల్‌లో అయితే అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే సూర్యుణ్ణి సరైన చోట పెట్టే ప్లగిన్ కూడా ఉంది. దుమ్ము, మబ్బు మాత్రం మనమే చూసి పెట్టాలి.

అందుకే నేననేది, మన ఆకాశాలు మనమే తీద్దాం. హాస్టల్ డాబా, ట్రైపాడ్, ప్రో మోడ్ ఉన్న ఫోన్ చాలు. వైట్ బ్యాలెన్స్, ఐఎస్‌ఓ లాక్ చేసి, ప్రతి దిక్కుకీ షట్టర్ వేగం మారుస్తూ మూడు నాలుగు ఫొటోలు తియ్యాలి. పక్క ఫొటోలు కొంచెం కొంచెం కలవాలి, నడినెత్తి భాగం మర్చిపోకూడదు. వాటిని కలిపి కుట్టడానికి హ్యూగిన్ ఉచితమే. సూర్యుడున్న ముక్క ఎలాగూ తెల్లగా మాడిపోతుంది. దాన్ని చెరిపేసి, సరిగ్గా అదే దిక్కున, అదే ఎత్తులో ఇంజన్‌లోని డైరెక్షనల్ లైట్ పెట్టండి. మబ్బులు పరిగెత్తే రోజు మాత్రం వద్దు, ఒక ఫొటోకీ ఇంకోదానికీ మబ్బు జరిగిపోయి అతుకులు కనిపిస్తాయి. మొదటిసారికి ఆకాశమంతా ఒకేలా మూసుకున్న ముసురు రోజు మేలు, సూర్యుడి బెడద ఉండదు.

క్వాలిటీ 16కే అంత రాదు. రాకపోనీ, వెలుగు లెక్కకి చిన్న ఫైలు కూడా సరిపోతుంది.

తీసినవన్నీ క్లబ్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెడదాం. ఊరు, తేదీ, టైమ్ ఫైలు పేరులోనే రాయండి. ఉత్తరం ఎటో కూడా రాయండి, లేకపోతే వాడుకునేవాళ్ల ఊళ్లో పొద్దు పడమర పొడుస్తుంది.