సవతికి పుంలింగము

బొగ్గుగని కార్మికుడొకడు కన్నుమూసిన పిమ్మట, అతడు నిజముగా ఎన్ని సంసారములు నడపెనో తేటతెల్లమగుట భవిష్యనిధి కాగితములను కార్యాలయపు బల్లమీద విప్పిననాడే. మందమర్రి ఏరియాలోని మా కాసిపేట గని మీదనైనను, గోదావరిఖనిలోనైనను పనిచేసి దిగిపోయిన వృద్ధుల నడిగినచో, ఊరిలో పొలము చూచుకొనుచు అత్తమామలకు వండిపెట్టు భార్య ఒకతెయు, కాలనీ క్వార్టరులో మూడు షిఫ్టులకును సద్ది కట్టి పంపు ఇల్లాలు వేరొకతెయు ఉన్న కాపురములను గూర్చి కథలుగా చెప్పుదురు. ఆ కథలలో నవ్వునట్టి ఘట్టములు మగవానివి. ఏడ్చునవి తక్కిన ఇద్దరివి.

ఈ పాతకథ నిప్పుడు తడవుటకు కారణము కలదు. అందరి యెరుకతోను అంగీకారముతోను ఒకరికంటె ఎక్కువమందితో ప్రేమబంధము నెరపుటను పాశ్చాత్యులు పాలీఎమరీ యనుచున్నారు. 2025లో ఆస్ట్రేలియా పరిశోధకుల నాయకత్వమున, అమెరికా ఐరోపాలలో జరిగిన 35 అధ్యయనములను, అనగా 24,000కు పైబడిన మనుష్యుల సమాధానములను, ఒక్కచో కూర్చి చూడగా, ఇట్టివారి దాంపత్యతృప్తికిని ఏకపతి ఏకపత్నీ వ్రతుల తృప్తికిని చెప్పుకోదగిన భేదము కానరాలేదు. ఈ వార్త మన పట్టణములలోని కొందరు పురుషులకు మిక్కిలి ప్రియమైనది. మన తాతలు ఎరుగనిదేమున్నదని మీసము దువ్వుచున్నారు. వారి ఆనందమును భగ్నము చేయుటకే ఈ వ్యాసము.

తాతలు ఎరిగినదేమో మన భాషయే చెప్పును. సవతి యను పదము మనకు కలదు. సవతిపోరు, సవతితల్లి, సవతిబిడ్డ యను పలుకులు కలవు. కాని ఒక స్త్రీని పంచుకొను ఇద్దరు పురుషులు ఒకరికొకరు ఏమగుదురో చెప్పుటకు తెలుగు వాడుకలో మాట లేదు. సవతికి మూలమైన సపత్నీ శబ్దమునకు సంస్కృతమున పుంలింగమును కల్పించినవారు ‘సపత్న’ శబ్దమునకు శత్రువని యర్థము చెప్పిరి! స్త్రీకి బంధుత్వమైనది పురుషునకు వైరమైనది. సవతుల హృదయమును ఎరుగగోరువారికి నంది తిమ్మన పారిజాతాపహరణము చాలును. రుక్మిణికి దక్కిన ఒక్క పువ్వుకొరకు సత్యభామ కోపగృహము ప్రవేశించినది. భర్త సాక్షాత్తు దేవుడైనను ఆ దాంపత్యమున తృప్తిని కొలుచుట సులభము కాదు.

పై పరిశోధనలలో ఇట్టి బహుప్రేమ బంధములలో నుండి సమాధానమిచ్చినవారందరికిని సాధారణమైన లక్షణమొకటి కలదు: తమ సహచరునకు వేరొకరున్నట్లు వారెరుగుదురు, వలదనుకొన్నచో వెడలిపోగలరు. మన చిన్నిళ్లలో ఈ రెండును లేవు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో భర్తకు వేరొక భార్య కలదని చెప్పినవారు దేశమున వివాహిత స్త్రీలలో నూటికి 1.4 మంది; కాని తెలియని భార్య ఏమని చెప్పును?

దూరదేశములకు పోనక్కరలేదు, ఎరుకయు వెడలిపోవు స్వేచ్ఛయు గల కాపురమునకు మన ఆదిలాబాదు అడవులలోనే దగ్గరి ఉదాహరణము కలదు. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1948లో ప్రకటించిన రాజగోండుల చరిత్రమున, కలిగినవారు ఇద్దరు భార్యలను చేసికొనుట కానవచ్చును. అది ఊరందరి యెదుట జరిగిన పెండ్లి. అంతకంటె ముఖ్యమైనది, మగనితో పొసగని గోండు స్త్రీ అతనిని విడిచి వేరొకని మనువాడుటకు ఆ సమాజమున తోవ యుండెను. పరిహారపు తగవును పెద్దలు తీర్చెడివారు. ఆ జీవితము స్వర్గమని నేననను. కాని ద్వారము మూయబడని యిల్లది. 1955 నాటి హిందూ వివాహ చట్టము షెడ్యూల్డు తెగలను మినహాయించి, తక్కిన హిందువులకు ద్విభార్యాత్వమును నిషేధించినది. నిషేధము రాగా రెండవ భార్య మాయము కాలేదు, ఆమె పేరు మాత్రము మాయమైనది.

మొదటి భార్య బ్రదికియుండగా వేరొకతెతో కాపురము చేసి, నలుగురు బిడ్డలను కని, భవిష్యనిధికి ఆమెనే నామినీగా వ్రాసి మరణించిన ఒక బొగ్గుగని కార్మికుని సొమ్ము ఎవరిదను వ్యాజ్యెమున, 2008లో సర్వోన్నత న్యాయస్థానము వారసత్వ ధ్రువపత్రమును రెండవ యామెకే యిచ్చి, మొదటి భార్యకు అయిదవవంతు భాగమును కాపాడవలెనని తీర్పు చెప్పినది. న్యాయమూర్తులు చేయగలిగినంత చేసిరి. కాని చనిపోయినవాడు బ్రదికియున్ననాడు ఒక్క సాయంకాలము నోరు తెరచి చెప్పవలసిన మాటకు, ఇద్దరు స్త్రీలు న్యాయస్థానముల మెట్లెక్కవలసివచ్చెను.

అంతమాత్రమున ఒక్క భార్యతో నున్నవాడు ఉత్తముడని నేను పట్టా వ్రాసి యీయను. రాత్రి షిఫ్టునుండి వచ్చి, జీతమెంతో చెప్పక, కల్లుదుకాణమున సగము పోసి, మిగిలినది విసరివేయు ఏకపత్నీవ్రతులను మా కాలనీలో చాలమందిని చూచితిని. సంఖ్య ఒకటైనంత మాత్రమున దాంపత్యము దాంపత్యము కాదు. రెండైనంత మాత్రమున ప్రేమ విశాలము కాదు. దాచినచో రెండును చెడినవే యని నా తీర్పు.

రేపు మొదటి షిఫ్టుకు గని దిగనున్న సోదరులారా, భవిష్యనిధి పత్రమున మీరు వ్రాసిన పేరేదో ఈ రాత్రియే ఇంట చెప్పుడు.