ఆట ఒకటి... పెట్టె మరొకటి

పుట్టినరోజని ముచ్చటపడి పిల్లవాడికి ప్లేస్టేషన్ కొనిచ్చారనుకోండి. వారం తిరక్కుండానే వాడు మొహం వేలాడేసుకుని వస్తాడు. ‘నాన్నా, మారియో దీంట్లో రాదట!’ అంటాడు. పాడైందేమోనని మీరు పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తారు. పెట్టె లక్షణంగా ఉంది. మారియోనే రాడు. ఆయన నింటెండో వారి బిడ్డ. ఫోన్లోకి ఒకటీ అరా సార్లు వచ్చాడు గానీ ప్లేస్టేషన్ గడప మాత్రం తొక్కడు.

2021 ఫిబ్రవరిలో ప్లేస్టేషన్ 5 మన దేశానికి వచ్చినప్పుడు డిస్కు వేసుకునే రకం ధర 49,990 రూపాయలు. అంత పోసి కొన్నాక, ఒక్క ఆట కోసం ఇంకో పెట్టె కొనాలా? ఏ తండ్రికైనా ఒళ్లు మండుతుంది.

అయితే కంపెనీల గోడు కూడా వినాలి. పెట్టె మీద మిగిలేది తక్కువ. ఒక్కోసారి నష్టానికే అమ్ముతారు. ఆ లోటు ఆటల మీద పూడ్చుకుంటారు. పక్కవాడి దగ్గర దొరకని ఆట ఉంటేనే జనం తమ పెట్టె కొంటారు. పైగా ఆ పంతమే కొన్ని ఆటలకు ప్రాణం పోసింది. ‘బయొనెటా 2’ అలాంటిదే. నింటెండో డబ్బు పెట్టకపోతే ఆ ఆట వచ్చేదే కాదు. 2014లో అది నింటెండో పెట్టెలో మాత్రమే విడుదలైతే, మొదటి భాగాన్ని వేరే పెట్టెల్లో ఆడినవాళ్లు అలిగారు. కానీ పెట్టుబడి పెట్టినవాడిని తప్పుపట్టలేం కదా!

‘హాలో’ కథ వేరు. 1999లో ఆపిల్ వారి వేదిక మీద స్టీవ్ జాబ్స్ ఆ ఆటను గొప్పగా పరిచయం చేశారు. మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ దాన్ని తయారుచేస్తున్న బంజీ సంస్థను కొనేసింది. 2001లో ఆ ఆట ఎక్స్‌బాక్స్‌తో పాటు వచ్చింది. ఆశగా చూసిన ఆపిల్ కంప్యూటర్లవాళ్లకు 2003 చివరికి గానీ దక్కలేదు. వడ్డించబోతున్న విస్తరిని లాగేసుకోవడమంటే ఇదే.

అన్నం పెట్టి ఆట పుట్టించడం ఒకటి, పుడుతున్న ఆటను ఎత్తుకుపోవడం మరొకటి. రెంటినీ ఒకే గాటన కట్టకూడదు.

ఎవరు ఎలా వేసినా ఆ తాళం శాశ్వతం కాకూడదు. ఎందుకో మన హైదరాబాద్ ఆటే చెబుతుంది. 2009లో ఇక్కడి అరోనా టెక్నాలజీస్ బాల హనుమంతుడి మీద ‘హనుమాన్: బాయ్ వారియర్’ అనే ఆట చేసింది. సోనీ దాన్ని ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. ఆ పెట్టెలు ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. 2013 ఆరంభానికి వాటి తయారీ ఆగిపోయింది. ఆ డిస్కును ప్లేస్టేషన్ 5లో పెడితే ఆడదు. మనవాళ్ల శ్రమ పాత పెట్టెతో పాటే అటకెక్కింది.

వెనకటి రోజుల్లో సినిమా ముందు పట్నంలోని పెద్ద హాల్లో ఆడేది. తర్వాత చిన్న ఊళ్లకు, చివరికి టూరింగ్ టాకీసుకు వచ్చేది. ఆలస్యమైనా అందరూ చూసేవారు. పెద్ద హాలూ నష్టపోలేదు. వీడియో ఆటలకూ ఆ పద్ధతే మేలు. డబ్బు పెట్టినవాడు ఏడాదో రెండేళ్లో తన పెట్టెలోనే ఉంచుకోవచ్చు. ఆపైన తలుపు తీయాలి.

అది జరగని పని కాదు. పెట్టెల పోటీలో ఓడిన సెగా 2001లో వాటి తయారీ మానుకుని, తన సోనిక్‌ను పోటీదారైన నింటెండో ఇంటికే పంపింది. 2007లో మారియో, సోనిక్ ఒకే ఒలింపిక్స్ ఆటలో కలిసి పరుగెత్తారు. ఆకాశం విరిగి పడలేదు. మొదటి హాలోను కొత్తగా తీర్చిదిద్ది ప్లేస్టేషన్ 5కూ ఇస్తామని 2025 అక్టోబరులో ప్రకటన వచ్చింది.

అన్ని తలుపులూ తెరుచుకునేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. కొట్టుకెళ్లే ముందు ‘ఏ పెట్టె కావాలి?’ అని కాదు, ‘ఏ ఆట ఆడతావురా?’ అని పిల్లవాణ్ణి అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో యాభై వేలు మిగులుతాయి!