ప్రధానపు ఉంగరం, పనిచేసే వేలు

ప్రధానం నాడు వేలికి తొడిగిన ఉంగరాన్ని తీయరాదన్న నమ్మకం మన పెద్దారవీడు, మార్కాపురం ప్రాంతాలలో ఇప్పటికీ బలంగానే ఉన్నది. పెళ్ళి కుదిరిన పిల్లవాడు పలకల ఫ్యాక్టరీలో రంపం ముందు నిలబడినా, మెకానిక్ షెడ్డులో ఇంజను విప్పినా, ఎండిన బోరులోనుండి మోటారును పైకి లాగినా ఆ ఉంగరం వేలికే ఉంటుంది. తీస్తే అపశకునమని పెద్దలు అంటారు. తీసి ఎక్కడైనా పెడితే పోతుందని పిల్లవాడు భయపడతాడు. కూలి డబ్బులు కూడబెట్టి చేయించిన బంగారం కనుక ఆ భయం సహజమే.

ఈ రెండు కారణాలనూ గౌరవిస్తూనే, ఒక వైద్యుడిగా నా అభిప్రాయాన్ని స్పష్టంగా చెప్పదలచాను. చేతులతో పనిచేసేవారు పనివేళ ఉంగరం ధరించరాదు. ఉంగరాన్ని దాచుకోవడానికి వేలు భద్రమైన చోటు కాదు. పైగా ఆ ఉంగరమే వేలికి ప్రమాదం తెచ్చిపెడుతుంది.

వేలికి జరిగేదేమిటి?

ప్రమాదమంటే యంత్రంలో చేయి పడడమేనని చాలామంది అనుకుంటారు. ఉంగరం వలన కలిగే గాయానికి యంత్రం అవసరమే లేదు. ట్రాక్టరు ట్రాలీ మీదినుండి ఒక యువకుడు క్రిందికి దూకుతాడు. అంచున ఉన్న కొక్కేనికో, పైకి లేచిన మేకుకో ఉంగరం తగులుకుంటుంది. మనిషి నేలకు చేరతాడు, వేలు మాత్రం పైనే ఆగుతుంది. ఆ క్షణంలో శరీరపు బరువంతా ఒక్క వేలిమీద పడుతుంది. ఉంగరం క్రిందనున్న చర్మం, రక్తనాళాలు, నరాలు, చేతి తొడుగును విప్పినట్లు ఎముకనుండి ఊడివస్తాయి. దీనినే వైద్యశాస్త్రంలో డీగ్లవింగ్ అంటారు. బలం మరింత ఎక్కువైతే ఎముక సైతం కీలు దగ్గర విడిపోతుంది.

కొడవలి తెగినప్పుడు రక్తనాళం ఒక్కచోట నున్నగా తెగుతుంది. ఉంగరం లాగినప్పుడు అట్లా కాదు. దారం పురి విడిపోయినట్లు నాళం లోపలి పొరలు చాలా దూరం వరకు చిట్లిపోతాయి. వేలిలోని ధమని మందం దాదాపు ఒక మిల్లీమీటరు మాత్రమే. చిట్లిన భాగాన్ని తొలగించి, మరొకచోటినుండి సిరను తెచ్చి, సూక్ష్మదర్శిని క్రింద కుట్టవలసి వస్తుంది. అమెరికా వైద్యుడు అర్బానియాక్ 1981లో ఈ గాయాలను మూడు తరగతులుగా విభజించారు. రక్తప్రసరణ నిలిచి ఉన్నవి మొదటి తరగతి, ప్రసరణ చాలనివి రెండవ తరగతి, చర్మం పూర్తిగా ఊడిపోయినవి లేక వేలు తెగిపోయినవి మూడవ తరగతి. మూడవ తరగతిలో వేలిని తొలగించడమే మేలని రోగికి చెప్పవలసిన సందర్భాలు అనేకం ఉంటాయి.

పూర్తిగా తెగిన బొటనవేలిని జపాన్‌లో కొమాత్సు, తమాయి అనే వైద్యులు 1965లోనే తిరిగి అతికించారు. విద్య ఉన్నది, సాధనాలు ఉన్నవి. అయితే అవి పెద్ద నగరాలలో ఉన్నవి. పెద్దారవీడునుండి మైక్రోసర్జరీ చేయగల ఆసుపత్రికి చేరాలంటే గంటల ప్రయాణం. కూలిపని చేసేవారికే ఈ ఆపద అనుకోకండి. అమెరికాలో పేరొందిన టెలివిజన్ వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్ 2015లో తన ఇంట్లో కాలు తట్టుకొని పడబోయి బల్లను పట్టుకున్నాడు. పెళ్ళి ఉంగరం బల్లకు తగులుకొని వేలు ఊడినంత పనైంది. గంటల తరబడి శస్త్రచికిత్స చేసి దానిని నిలబెట్టారు. అంతటి వైద్యం ఆయనకు దగ్గరలోనే ఉన్నది. మన మేస్త్రికి, మన రంపపు కార్మికునికి లేదు.

ఒక వేలు పోతే ఏమవుతుందని అడిగేవారు ఉంటారు. గడ్డపారను, పారను, సుత్తిని గట్టిగా బిగించి పట్టుకునేది చిటికెనవేలు, ఉంగరపువేలు వైపు భాగమే. ఆ వేలు పోతే పట్టు సడలుతుంది. పట్టు సడలితే కూలి తగ్గుతుంది. కనుక ఇది అందానికి సంబంధించిన విషయం కాదు, ఇంటి ఆదాయానికి సంబంధించిన విషయం.

కనిపించని మరికొన్ని హానులు

ట్రాక్టరు బ్యాటరీ పన్నెండు వోల్టులదే కదా అని తేలికగా తీసుకుంటారు. ఆ వోల్టేజికి షాకు తగలదు, నిజమే. కాని ఉంగరం ఒకవైపు పానాకు, మరొకవైపు బండి ఇనుముకు తగిలితే దానిగుండా పెద్ద విద్యుత్ప్రవాహం సాగుతుంది. బంగారం క్షణాలలో కాలిపోయేంత వేడెక్కి, వేలిచుట్టూ కంకణంలా కాలుతుంది. విద్యుత్తు పని చేసేవారు ఉంగరం, లోహపు గడియారం రెండూ తీసివేయాలి.

తాపీ పనివారికి మరొక సమస్య. తడి సిమెంటు తీవ్రమైన క్షారగుణం కలది. ఉంగరం క్రింద చేరినది కడిగినా పోదు, రోజంతా అక్కడే ఉండి చర్మాన్ని తినివేస్తుంది. ఉంగరం క్రింద దురద, పొలుసులు, పుండ్లతో వచ్చేవారిలో కొందరికి అసలు కారణం ఇదే. రోల్డుగోల్డు ఉంగరాలలో నికెల్ ఉంటే అలర్జీ తోడవుతుంది.

ఉంగరానికి జరిగే నష్టాన్నీ చూడండి. బంగారం మెత్తని లోహం. పలకరాతి దుమ్ములో క్వార్ట్జ్ రేణువులు ఉంటాయి, అవి బంగారం కంటే చాలా గట్టివి. ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ తెచ్చేవీ ఆ రేణువులే. ఏళ్ళ తరబడి వాటి రాపిడికి గురైన ఉంగరం అరుగుతుంది, రాయి పొదిగిన పట్లు వదులవుతాయి. మా కాలపు ఆసుపత్రులలో పాదరసపు బీపీ యంత్రాలు ఉండేవి. పగిలిన గొట్టంలోని పాదరసం తగిలితే బంగారు ఉంగరం తెల్లబడిపోయేది. అందుకే పాదరసం ఎత్తేముందు ఉంగరం తీయమని సిబ్బందికి చెప్పేవారము.

శస్త్రచికిత్సకు ముందు వైద్యులు, నర్సులు ఉంగరాలు తీసి చేతులు కడుగుకుంటారు. ఉంగరం క్రింద సూక్ష్మజీవులు నిలుస్తాయన్నది అందుకు కారణం. ఎంత ఆచారవంతులైనా ఆపరేషన్ గది ద్వారం దగ్గర దీనికి మినహాయింపు లేదు. అది అపశకునమని ఎవరూ అనలేదు. రంపపు గదికి మాత్రం వేరే న్యాయం ఎందుకు?

నమ్మకం సంగతి

ఉంగరపువేలినుండి గుండెకు నేరుగా ఒక నరం వెళుతుందని ప్రాచీన రోమనులు నమ్మారు. వాట్సాప్‌లో ఆ మాట మన దగ్గరకూ వచ్చింది. శరీరనిర్మాణశాస్త్రంలో అటువంటి ప్రత్యేకమైన నాళం లేదు. అన్ని వేళ్ళ రక్తమూ ఒకే తీరున గుండెకు చేరుతుంది.

మన సంప్రదాయమే ఈ విషయంలో వివేకం చూపింది. కర్మ చేసేటప్పుడు అనామికకు దర్భతో చేసిన పవిత్రం తొడుగుతారు. కర్మ ముగియగానే ముడి విప్పి వదిలివేస్తారు. ధరించడానికొక వేళ, తీయడానికొక వేళ ఉన్నవి. మన కథలలోని రెండు ఉంగరాలను తలచుకోండి. శకుంతల ఉంగరాన్ని వేలికే ఉంచుకున్నది, అది నీటిలో జారి చేప కడుపున చేరింది. రాముడు తన ఉంగరాన్ని వేలినుండి తీసి హనుమంతుని చేతికి ఇచ్చాడు, అది సముద్రం దాటి సీతమ్మకు చేరి ఊరట కలిగించింది. వేలికి లేనంత మాత్రాన ఆ బంధానికి లోటు వచ్చిందని ఏ పెద్దలైనా అనగలరా?

కనుక అత్తమామలకు నా విన్నపం. పనినుండి వచ్చిన అల్లుని వేలు బోసిగా కనబడితే కారణం అడగండి, నింద వేయకండి. కోడలు కూలికి వెళుతూ ఉంగరం తీసి మీ చేతిలో పెడితే దానిని అగౌరవంగా భావించకండి. ఆమె ఆ ఉంగరానికి ఇచ్చిన విలువ అది.

ఎక్కడ దాచాలి?

తీసిన ఉంగరం పోవడానికి ముఖ్యకారణం దానికి నిలకడైన చోటు లేకపోవడమే. ఈరోజు కిటికీలో, రేపు చొక్కా జేబులో, ఎల్లుండి కొంగు ముడిలో పెడితే ఏదో ఒకనాడు పోక తప్పదు. ఇంట్లో మూత గట్టిగా పడే ఒక చిన్న డబ్బాను ఎంచుకొని బీరువాలో ఉంచండి. పనికి బయలుదేరేముందు అందులో పెట్టడం, తిరిగివచ్చి స్నానం చేశాక ధరించడం ఒక అలవాటు కావాలి. పని స్థలానికి తీసుకొని వెళ్ళి అక్కడ తీయడం కంటే ఇంటివద్దనే వదలడం మేలు.

మెడలో గొలుసుకు కట్టుకోవడం కొందరి పద్ధతి. తిరిగే బెల్టు, నూర్పిడి యంత్రం, గడ్డి కత్తిరించే యంత్రం దగ్గర పనిచేసేవారికి అది పనికిరాదు. వ్రేలాడే గొలుసు మెడకే ప్రమాదం. 2025 వరకు అమలులో ఉండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షనులో, నడుస్తున్న యంత్రాన్ని సరిచూసే వ్యక్తికి బిగుతైన దుస్తులు ఉండాలనీ, వాటిని యజమానే సమకూర్చాలనీ చెప్పడంలోని ఉద్దేశం కూడా ఇదే. స్త్రీలు మంగళసూత్రాన్ని రవికె లోపలికి దోపుకొని, కొంగు బిగించుకోవాలి. వేలు బోసిగా ఉండడం మనసుకు రుచించనివారు పనివేళ సిలికాన్ ఉంగరం ధరించవచ్చు. అది తక్కువ ధరకే దొరుకుతుంది, గట్టిగా లాగితే తెగిపోతుంది.

మన ప్రాంతంనుండి హైదరాబాదుకు, బెంగళూరుకు భవన నిర్మాణపు పనులకు వలసపోయేవారి కష్టం వేరు. రేకుల షెడ్డులో తాళం వేసే పెట్టె ఉండదు కనుక బంగారాన్ని ఒంటిమీదనే ఉంచుకుంటారు. వారిని అజ్ఞానులని తప్పుపట్టడం న్యాయం కాదు. వీలైతే ఉంగరాన్ని ఊరిలో తల్లిదండ్రులవద్ద వదలి వెళ్ళండి. కాంట్రాక్టర్లకు, ఫ్యాక్టరీ యజమానులకు ఒక మాట: తాళం వేసుకునే చిన్న అరను ప్రతి పనివానికీ ఇవ్వడం పెద్ద ఖర్చు కాదు. ఉంగరాలు తీయమని బోర్డు వ్రాసినంత మాత్రాన చాలదు, తీసినది పెట్టుకునే చోటు చూపాలి.

కొన్న రసీదును, ఉంగరపు ఫోటోను, బరువును దాచుకోండి. 2023 ఏప్రిల్ 1 నుండి హాల్‌మార్కు నగలపై అక్షరాలు, అంకెలు కలిసిన ఆరు స్థానాల గుర్తింపు సంఖ్య తప్పనిసరి. దానిని ఒక పుస్తకంలో వ్రాసి ఉంచితే పోయిన ఉంగరం దొరికినప్పుడు మీదేనని చూపడానికి పనికివస్తుంది.

ఆపదలో ఏమి చేయాలి?

పాము కాటు, తేలు కాటు, కందిరీగ కాటు, కాలిన గాయం, చేతి ఎముక విరగడం, ఏది జరిగినా మొదట ఆ చేతి ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేయండి. వాపు మొదలైతే అవి రావు, రక్తప్రసరణను ఆపుతాయి. నల్లమల అంచున బ్రతికే మనము ఈ ఒక్కమాట గుర్తుంచుకున్నా చాలు. రక్తపింజర కాటుకు వాపు వేగంగా వస్తుంది. కట్లు కట్టకుండా, కోతలు కోయకుండా 108కు ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి.

ఉంగరం ఇరుక్కుంటే చేతిని కొంతసేపు గుండెకంటే ఎత్తులో ఉంచి, చల్లని నీటిలో ముంచి, సబ్బుగాని నూనెగాని రాసి మెల్లగా త్రిప్పుతూ తీయండి. రాకపోతే సన్నని గట్టి దారపు ఒక కొసను ఉంగరం క్రిందనుండి అరచేతివైపు తీయండి. మిగిలిన దారాన్ని ఉంగరం అంచునుండి మొదలుపెట్టి, కణుపు దాటేవరకు ఖాళీ లేకుండా బిగువుగా చుట్టండి. ఆపైన అరచేతివైపు కొసను లాగి విప్పుకుంటూ వస్తే ఉంగరం ముందుకు జరుగుతుంది. వేలు నీలంగా మారినా, తిమ్మిరెక్కినా, గాయమున్నా ఈ ప్రయత్నం మానండి. ఆసుపత్రిలో ఉంగరాన్ని కోసి తీయాలి. కోసిన ఉంగరాన్ని ఆచారిగారు ఒక పూటలో అతికిస్తారు. వేలిని అతికించడం అంత సులభం కాదు.

వేలు తెగిపోతే గాయంమీద శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని ఎత్తి పట్టండి. తెగిన భాగాన్ని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి మూతికట్టి, ఆ సంచిని ఐసు కలిపిన నీటిలో ఉంచండి. ఐసు నేరుగా తగలరాదు. కొద్దిగా అంటుకొని ఉన్న వేలిని లాగివేయకండి. వేలిలో కండరం లేదు కనుక తెగిన చేయికంటే ఎక్కువసేపు నిలుస్తుంది. మామూలుగా 12 గంటల లోపు, చల్లగా ఉంచితే 24 గంటల వరకు అతికించే అవకాశం ఉంటుందని లెక్క. అయినా ఎంత త్వరగా చేరితే అంత మంచిది.

ప్రధానం చేసుకోబోయే యువతీయువకులారా, ఉంగరం మార్చుకున్ననాడే ఒక ఒప్పందం కూడా చేసుకోండి. పనికి వెళ్ళేటప్పుడు దానిని తీసి డబ్బాలో పెట్టాలి, ఇంటికి వచ్చాక ధరించాలి. రేపటి సంసారాన్ని పోషించవలసింది ఆ చేతులే.