బ్రౌజరులో దాచదగినది, దాచగూడనిది

వెబ్‌పుటకును బ్రౌజరునకును నడుమ జరుగు సంభాషణము స్వభావతః స్మృతిరహితమగుటచేత, ఆన్‌లైన్ అంగడిలో మనము ఎంచుకొనిన వస్తువు మరుపుటకు పోయినంతనే మాయము కాకుండుటకై, 1994లో నెట్‌స్కేప్ సంస్థయందు పనిచేయుచుండిన లూ మాంటుల్లీ కుకీ యను ఉపాయమును కల్పించెను. సుమారు 4 కిలోబైట్లకు మించని ఆ చీటి ప్రతి అభ్యర్థనతోను సర్వరునకు తిరిగి పోవుచుండును. తరువాత జావాస్క్రిప్టునకు లభించిన లోకల్ స్టోరేజి అట్లు గాదు. అందు వ్రాసినది, సుమారు 5 మెగాబైట్ల వరకు, వాడుకరి యంత్రమునందే నిలిచి, బ్రౌజరును మూసి తెరచినను చెడకుండును.

ఇంతటి సౌకర్యము చేతనుండగా, దీర్ఘమైన దరఖాస్తును సగము పూరించిన విద్యార్థి, విద్యుత్తు పోయిన మాత్రమున సమస్తమును మరల వ్రాసికొనవలసివచ్చుట క్షంతవ్యము కాదని నా దృఢాభిప్రాయము. చిత్తుప్రతిని ఎప్పటికప్పుడు దాచుటకు కొలది పంక్తుల స్క్రిప్టు చాలును.

ఐనను ఆ నిల్వలోని అక్షరములకు గుప్తీకరణము లేదు. పుటలో చొరబడిన ఏ పరాయి స్క్రిప్టైనను వానిని చదువగలదు. ఇంటర్నెట్ కేంద్రమునందలి ఉమ్మడి కంప్యూటరుపై ఒకరి ఆధార్ సంఖ్య వేరొకరి కంటబడవచ్చును. శాశ్వతమనియు నమ్మరాదు: 2020 నుండి సఫారి బ్రౌజరు, తన్ను వాడిన ఏడు దినములలో వాడుకరి తాకని సైటుల స్క్రిప్టు నిల్వలను తొలగించుచున్నది.

కావున ప్రభుత్వ సేవల పుటలను నిర్మించు ఇంజనీర్లకు నా విన్నపమిది: వాడుకరి అనుమతిని ముందుగా అడిగి చిత్తుప్రతిని దాచుడు, సంకేతపదములను, ఆధార్ సంఖ్యలను అందు చేర్పకుడు, దరఖాస్తు చేరినంతనే ఆ నిల్వను తుడిచివేయుడు.