చిరునామా అడిగే సాయం

గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల అద్దాలు తుడిచే ఆడవాళ్లలో చాలామందికి 2023 డిసెంబరు 9 గుర్తుండే తేదీ. తెలంగాణలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం ఆ రోజే మొదలైంది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో వాళ్లకు జీరో టికెట్ వచ్చింది. 2025 జులై నాటికి రాష్ట్రమంతటా ఇలాంటి ప్రయాణాలు 200 కోట్లు దాటాయని ప్రభుత్వం లెక్క చెప్పింది. నెల జీతంలో బస్సు చార్జీలకు పోయే డబ్బు మిగలడం చిన్న మేలు కాదు. ఉచితాలంటూ ఈసడించేవాళ్లు లింగంపల్లి నుంచి రాయదుర్గం దాకా పొద్దుటి బస్సులో ఒకసారి నిలబడి ప్రయాణం చేయాలి.

అయితే అదే బస్సులో, అదే యూనిఫాంలో ఉన్న ఇంకొకామె డబ్బిచ్చి టికెట్ కొంటుంది. ఆమె ఆధార్‌లో ఊరు శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది. ఉచిత ప్రయాణం తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే కాబట్టి కండక్టర్ చేయగలిగింది లేదు. 2025 అక్టోబరులో నగర బస్సుల్లో మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు చార్జీ పెరిగినప్పుడు ఈ ఇద్దరిలో ఆ భారం పడింది ఆమె మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఇలాంటిదే స్త్రీశక్తి పథకం మొదలైంది. పండక్కి ఊరెళితే అక్కడ ఆమెకు బస్సు ఉచితం. ఏడాదిలో మిగతా రోజులన్నీ పనిచేసే చోట మాత్రం కాదు.

ఆధార్‌లో చిరునామా మార్చుకోవచ్చు కదా అని అడగడం తేలిక. ఒక గదిలో నలుగురు ఉండేచోట ఇంటి యజమాని అద్దె ఒప్పందం ఎవరి పేరున రాసిస్తాడు? మార్చుకున్నా, సొంత రాష్ట్రంలో కార్డు మీద వచ్చేవి ఎక్కడ పోతాయోనన్న భయం ఉంటుంది. ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు.

తమిళనాడు 2021లో సాధారణ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఇచ్చినప్పుడు చిరునామా అడగలేదు. బస్సెక్కిన మహిళ అయితే చాలు. అంత దూరం వెళ్లక్కర్లేదు, మన దగ్గరే దారి ఉంది. రేషన్ బియ్యం ఏ రాష్ట్ర కార్డుతోనైనా తీసుకునే ఏర్పాటు దేశంలో మొదట అమలైన చోట్లలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జంట ఒకటి. అది 2019 ఆగస్టులోనే జరిగింది. బియ్యానికి చెరిగిన సరిహద్దు బస్సు టికెట్‌కు మాత్రం ఎందుకు ఉండాలి? రెండు ప్రభుత్వాలూ ఒకరి మహిళలను ఒకరు గుర్తించి, ఆర్టీసీల మధ్య లెక్కలు తేల్చుకుంటే సరిపోతుంది.

చిరునామా ఇక్కడిదే అయినా కష్టాలు తీరవు. 500 రూపాయల గ్యాస్ సిలిండర్, గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంటు, 2025 ఉగాది నుంచి మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం, అన్నీ రేషన్ కార్డుకే ముడిపడి ఉన్నాయి. ఆ కార్డుకు పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి 2 లక్షలు. భర్త సెక్యూరిటీ గార్డుగా, భార్య హౌస్‌కీపింగ్‌లో నెలకు చెరి పదివేలు తెచ్చుకున్నా ఏడాదికి 2.4 లక్షలు అవుతుంది. నిబంధన అక్షరాలా చూస్తే వాళ్లు అర్హులు కారు. అదే గార్డు, నెల జీతం 21,000 లోపే కాబట్టి, ఈఎస్ఐ కిందికి వస్తాడు. ఒక చట్టం ఆదుకోవలసినవాడిగా చూసిన కార్మికుణ్ని, ఇంకో నిబంధన కలిగినవాడిగా లెక్కగడుతోంది. 2014లో పెట్టుకున్న ఈ 2 లక్షల గీత, గచ్చిబౌలి అద్దెల ముందు ఏనాడో అర్థం కోల్పోయింది.

ఆ అద్దె ఊసు ఏ పథకంలోనూ లేదు. పనికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉండాలంటే సిద్ధిఖ్‌నగర్, అంజయ్యనగర్ లాంటి ఇరుకు గల్లీలే గతి. 2024 నవంబరులో సిద్ధిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో లేచిన బహుళ అంతస్తుల భవనం ఒకటి పక్కకు ఒరిగితే, రాత్రికి రాత్రి జనాన్ని ఖాళీ చేయించి కూల్చేయాల్సి వచ్చింది. ఇలాంటి చోట్ల గదులన్నిటికీ ఒకే మీటరు ఉండి, యజమాని యూనిట్‌కు ఇంత అని వసూలు చేస్తుంటే గృహజ్యోతి ఆ గది దాకా రాదు. కూతుళ్లను పనికి పంపే తల్లిదండ్రులకు తమిళనాడు తోళి పేరుతో ప్రభుత్వ హాస్టళ్లు చూపిస్తోంది. సైబరాబాద్‌లో ఐటీ కంపెనీలకు భూములు కేటాయించిన ప్రభుత్వాలు, అందులో కొన్ని ఎకరాలు కార్మికుల హాస్టళ్లకు పక్కన పెట్టి ఉండవలసింది. ఇప్పటికైనా పెట్టాలి.

వీటన్నిటికంటే ముందు చేయాల్సిన పని ఒకటి ఉంది, అది ఖజానాకు పెద్ద ఖర్చు కూడా కాదు. కనీస వేతనాలను ఐదేళ్లు దాటకుండా సవరించాలని చట్టం చెబుతోంది. 2021లో సెక్యూరిటీ సహా ఐదు రంగాలకు వేతనాలు పెంచుతూ జీవోలు వెలువడినా, గెజిట్‌లో అచ్చుకాక అమల్లోకి రాలేదు. అద్దాల మేడల్లో కాంట్రాక్టు కింద పనిచేసే గార్డుకు ఆ పెంపు దక్కి ఉంటే ఆ డబ్బు ఇచ్చేది కంపెనీలు, వాటి కాంట్రాక్టర్లు. కొత్త వేతనాలు ప్రకటించి, ఈసారి గెజిట్ దాకా తీసుకెళ్లే బాధ్యత కార్మిక శాఖది.